కనబడ్తుంది సార్

సొలొమోను తన జీవితంలో ఎక్కువసార్లు అన్న మాట "కనబడ్తుంది సార్". పెళ్ళాం పేరుకన్నా, దేవుడి పేరుకన్నా ఆ మాటే ఎక్కువగా అన్నాడు. అందులో సగానికి సగం అబద్ధం. ఇస్నాపూర్‌లో మా గల్లీలో అతనికన్నా మెత్తని మనిషి లేడు, అతనికన్నా నున్నగా అబద్ధమాడే మనిషీ లేడు. రెండూ ఒక్క మనిషిలో ఎట్లా ఇమిడాయంటే, రేచీకటి వల్ల ఇమిడాయి.

నేను రిటైరైన టీచర్ని. పేరు ఎవాంజెలిన్, గల్లీలో అందరికీ టీచరమ్మనే. చర్చిలో ఆడవాళ్ళ వైపు నేనూ, సొలొమోను భార్య సువార్తమ్మా ఒకే చాప మీద కూర్చుంటాం. నాకు జాలి తక్కువ, ఓపిక అంతకన్నా తక్కువ. బడిలో పిల్లల అబద్ధాలు పట్టుకోవడమే పనిగా బతికినదాన్ని. అలాంటి నాకు కూడా సొలొమోను చాలాకాలం దొరకలేదు.

అతని మేనమామకు రేచీకటి ఉండేది. జోగిపేట దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆయన పొద్దుగూకితే గడప దాటేవాడు కాదు. ఊరి పోకిరీలు మునిమాపు వేళ ఆయన వాకిట్లో మంచం అడ్డం పెట్టి, పడతాడా లేదా అని గోడ చాటు నుంచి చూసేవాళ్ళట. సొలొమోను బడిలో ఉండగానే తనకూ అదే దిగిందని తెలుసుకున్నాడు. మేనమామ బతుకు కళ్ళారా చూసినవాడు కాబట్టి నోరు మూసుకున్నాడు. పెళ్లిచూపులు మిట్టమధ్యాహ్నం పెట్టించుకున్నాడు. సువార్తమ్మకు సంగతి పెళ్ళయిన వారంలోనే తెలిసిపోయింది. దీపం ఆర్పకముందే గోడ తడుముకుంటూ మంచం వెతుక్కునే మొగుణ్ణి చూసి ఆమె ఏడవలేదు. "నాకు చెప్తే నేను చేసుకోకపోదునా" అన్నదట. చేసుకునేది కాదని ఇద్దరికీ తెలుసు.

జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో అతను ఆపరేటర్. రియాక్టరంటే ఇల్లంత స్టీలు కుండ. దాని పక్కన చిన్న గుండ్రటి గాజుకిటికీ ఉంటుంది. లోపల సరుకు ఎంతవరకు వచ్చిందో అందులోంచి చూసి ఆపరేటర్ గట్టిగా చెప్పాలి. కింద వాల్వు దగ్గరున్నవాడు "లెవెల్ కనబడ్తుందా" అని అరుస్తాడు, పైనున్నవాడు "కనబడ్తుంది" అని అరుస్తాడు. పగలైతే సొలొమోను నిజంగానే చూసేవాడు. రాత్రి షిఫ్టులో మాత్రం వినేవాడు. సరుకు నిండేకొద్దీ పైపులో చప్పుడు మారుతుంది. ఆ చప్పుడును బట్టి లెవెల్ ఎక్కడుందో చెప్పేవాడు, మెట్లమీద కమ్మీ పట్టుకుని నడిచేవాడు, ఎదురొచ్చేవాడి చెప్పుల మోతను బట్టి పేరు పెట్టి పలకరించేవాడు. ఏళ్ళకేళ్ళు అట్లా గడిచాయి. చెవులతో చూసి నోటితో నమ్మించడం అతనికి రెండో ప్రాణమైంది.

దొరికిపోయిన రోజు గురించి గల్లీలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. అప్పటికి అతని చూపు పగటిపూట కూడా గొట్టంలోంచి చూసినట్టు ఇరుకైపోయింది. షిఫ్ట్ ఇన్‌చార్జ్ జైపాల్‌కు అనుమానం వచ్చి, టీ టైములో అందరి ముందూ పిలిచాడు.

"సొలొమోన్, నా చేతుల ట్యాగ్ ఉన్నది. ఏం రంగు?"

"ఎరుపు సార్."

"మంచిగ సూసి చెప్పు."

"మంచిగ కనబడ్తుంది సార్. ఎరుపే."

జైపాల్ చేతిలో ఏమీ లేదు. ఉత్త చెయ్యి. పనివాళ్ళు పడీ పడీ నవ్వారు, తెలుగు రాని బీహార్ పిల్లలకు ఎవరో హిందీలో చెప్పాక వాళ్ళూ నవ్వారు. జైపాల్ చేసింది తప్పనను. చూపు లేనివాడు రియాక్టర్ దగ్గర నిలబడితే పదిమంది చస్తారు. కానీ పక్కకు పిలిచి అడగొచ్చు. ఉత్త చెయ్యి చూపించి ఆడుకున్నాడే, దానికి నేను ఆ మనిషిని క్షమించలేదు. సొలొమోను మర్నాటి నుంచి ఇంట్లో కూర్చున్నాడు. రెండు మూడేళ్ళలో మిగిలిన గొట్టం కూడా మూసుకుపోయింది.

సువార్తమ్మ ఒక మాత్రల కంపెనీ ప్యాకింగులో చేస్తుంది. ఎనిమిది గంటలు నిలబడి వచ్చి, ఇంట్లో ఇంకో ఎనిమిది గంటల పని చేసే మనిషికి కోపం రాకుండా ఉంటుందా? వచ్చేది. తిట్టేది కాదు, కొట్టేది కాదు. నీళ్ళ బిందెను ఉన్న చోటు నుంచి మూరెడు పక్కకు జరిపేది. అతను వంగి గాలిలో చెయ్యి తిప్పుతుంటే గుమ్మంలో నిలబడి చూసేది. లేదా అతను ఏదో చెబుతూ ఉండగానే చప్పుడు కాకుండా లేచి వెళ్ళిపోయేది. అతను గోడకు కథ చెబుతూనే ఉండేవాడు. ఒకసారి నేను వెళ్ళేసరికి ఉత్త గదిలో కూర్చుని "అందుకే అంటున్న సువార్తా, జెర ఆలోచించు" అంటున్నాడు. ఆమె బయట పంపు దగ్గర బట్టలు ఉతుక్కుంటోంది. ఆమెకు పాపమే తగులుతుందో, పుణ్యమే దక్కుతుందో దేవుడికే వదిలేస్తాను. ఆ రోజు నాకు మాత్రం ఒళ్ళు మండింది.

చర్చిలో కంటి క్యాంపు పెట్టినప్పుడు సొలొమోను పేరు ఎక్కింది. తెల్లాపూర్ వైపు, ఆ ఆకాశమంత అపార్ట్‌మెంట్ల నడుమ, ఒక కంటి ఆసుపత్రికి అనుబంధంగా పరిశోధన చేసే చోటు ఉంది. సువార్తమ్మకు షిఫ్టు వదలడం కుదరదు కాబట్టి తోడు నేను వెళ్ళాను. అక్కడి డాక్టర్ పేరు కృష్ణప్రియ. చిన్నవయసే, కానీ తొందర లేని మనిషి. సొలొమోను చేతికి కుర్చీ అంచు అందించి కూర్చోబెట్టి చెప్పింది.

"కంటి వెనక పొరలో వెలుగును పట్టుకునే కణాలు మీకు చచ్చిపోయాయి. అవి తిరిగిరావు. వాటి వెనక, పట్టుకున్నదాన్ని మెదడుకు మోసే నరాల కణాలు ఉంటాయి. అవి బతికే ఉండొచ్చు. బల్బు మాడిపోయింది, వైరింగ్ బాగుందో లేదో చూడాలి. బాగుంటే కంటిలో ఒక చిప్ పెట్టి, నేరుగా ఆ నరాలకే సన్నగా కరెంటు ఇస్తాం."

"చూపు వస్తదా మేడం?"

"చూపు అనలేను. గుమ్మం ఎక్కడుందో, తెల్ల ప్లేటు ఎక్కడుందో మసగ్గా తెలుస్తుంది. ఎదురుగా ఎవరైనా ఉంటే నీడలాగా తెలుస్తుంది."

సొలొమోను చాలా నెమ్మదిగా అడిగాడు.

"మనిషి ఉన్నదా, లేసి పోయిందా... అది తెలుస్తదా మేడం?"

"అది తెలుస్తుంది."

"గంతే చాలు. నాకు ఇంకేం వద్దు."

ఎందుకు చాలో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. గుడ్డికన్నా మెల్ల నయం అని లోకం ఊరికే అనలేదు. అతను మెల్ల కూడా అడగలేదు. మాట్లాడుతున్నప్పుడు ఎదుటి కుర్చీ ఖాళీయో కాదో తెలిస్తే చాలన్నాడు.

చిప్పులు కొద్దిమందికే ఉన్నాయి, వచ్చినవాళ్ళు చాలామంది. ఎవరి నరాలు బతికున్నాయో కొలిచి ఎంచుకోవాలి. కొలిచే పద్ధతి చూడటానికి సులువు. కంటికి మందుచుక్కలు వేసి మొద్దుబార్చి, కింది రెప్ప లోపల వెంట్రుకకన్నా సన్నని వెండిపూత దారం పరుస్తారు. కణత మీద ఒక బిళ్ళ అంటిస్తారు. గదిని చీకటి చేస్తారు. బీప్ అని ఒక చప్పుడు వస్తుంది, ఆ వెంటనే దారంలోంచి కరెంటు పోతుంది. మనిషి "కనిపించింది" అనాలి, లేదా "లేదు" అనాలి. కరెంటు తగ్గిస్తూ పెంచుతూ, ఎంత తక్కువ కరెంటుకు నరం పలుకుతుందో చూస్తారు. నడుమ నడుమ బీప్ మాత్రమే ఇచ్చి కరెంటు ఇవ్వరు. ఆ ఖాళీ బీప్‌కు "లేదు" అనాలి. అంటేనే మిగతా మాటలకు విలువ. ఇదంతా కృష్ణప్రియ దాచకుండా చెప్పింది. సొలొమోను ప్రతి మాటకూ "ఓకే మేడం" అన్నాడు.

తల వెనక కూడా మూడు బిళ్ళలు అంటించారు. కంటి నరం పలికితే మెదడులో కదిలే అలను అవి గీతలుగా గీస్తాయట. మరి మనిషిని అడగడం ఎందుకు, ఆ గీతలే చూసుకోవచ్చుగదా అన్నాను. రెప్ప కొట్టుకున్నా, దవడ బిగించినా ఆ గీతలు చెదిరిపోతాయనీ, ఆ పద్ధతి ఇంకా కుదురుకోలేదనీ చెప్పింది. అందుకని గీతలు దాచిపెడతారు, ఎంపిక మాత్రం మనిషి నోటిమాట మీదే. సొలొమోను నోటిమాట మీద. నాకు ఆ క్షణంలోనే నవ్వు రావాల్సింది, రాలేదు.

మొదటి రోజు అతనికి ఎత్తులేవీ తెలియవు. తెలియదు కాబట్టి నిజం చెప్పాడు. చాలాసేపు "లేదు మేడం, లేదు మేడం" అంటూ వచ్చాడు. ఒక బీప్ తర్వాత కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"మేడం... ఎడమ పక్కకు, మిణుగురు పురుగు లెక్క ఒకటి మెరిసింది."

"మళ్ళీ చూద్దాం."

మళ్ళీ మెరిసింది. ఖాళీ బీప్‌లకు "లేదు" అన్నాడు, కరెంటున్న వాటికి "మెరిసింది" అన్నాడు. మందుతో మొద్దుబారిన కంట్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవద్దని చెప్పారని అట్లాగే కారనిచ్చాడు. కృష్ణప్రియ బయటికొచ్చి నాతో "చాలా మంచి జవాబులు, ఇంకోసారి కూడా ఇలాగే వస్తే ఆయన పేరు ఖాయం" అంది. ఆ మాట ఆమె అనకుండా ఉండాల్సింది, నేను గల్లీకి మోసుకుపోకుండా ఉండాల్సింది.

ఎందుకంటే ఆ ఆదివారమే చర్చిలో సాక్ష్యం చెప్పించారు. మా దగ్గర అది ఆనవాయితీ. జ్వరం తగ్గినా, బర్రె ఈనినా, కొలువు దొరికినా లేచి నిలబడి దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పాలి. సొలొమోను లేచి మిణుగురు పురుగు సంగతి చెప్పాడు. జనం ఏడ్చారు, నేనూ ఏడ్చాను. పాస్టర్ విక్టర్ అయ్యగారు ఏడవలేదు, ఆలోచించారు. నాలుగు రోజుల్లో ఇస్నాపూర్ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. స్వస్థత సభలు, పైన అయ్యగారి ఫోటో, కింద సొలొమోను ఫోటో, "చీకటి నుండి వెలుగులోనికి" అని ఎర్రక్షరాలు. పెళ్ళినాటి ఫోటో అది, కళ్ళు రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

"అయ్యగారూ, ఇంకా ఏమీ కాలేదు, పరీక్షే జరుగుతున్నది" అన్నాను.

"టీచరమ్మా, విశ్వాసం ముందు, కార్యం తర్వాత" అన్నారు. సొలొమోను భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, డాక్టరమ్మ అడిగినప్పుడల్లా ధైర్యంగ అవునను. తడబడితే విశ్వాసం లేనట్టు" అన్నారు.

సువార్తమ్మది ఇంకో రకం భయం. చౌరస్తాలో మొగుడి ఫోటో ఎక్కింది. ప్యాకింగులో అందరూ అడుగుతున్నారు. అతని కొలువు పోయినప్పటి నుంచి మొదటిసారి గుడ్డివాడి భార్య కాకుండా ఇంకేదో అయింది. ఆమె ఆ వారం నీళ్ళ బిందె జరపలేదు. అన్నం కలిపి పెట్టింది. పెడుతూ చెప్పింది.

"ఒక్కటి గూడ ఇడువకు. ఒక్కటి పోతే పేరు పోతది."

రెండోసారి సొలొమోను గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చున్న తీరే వేరుగా ఉంది. తల కొద్దిగా పక్కకు వాల్చి, చెవి యంత్రం వైపు పెట్టాడు. అది చూసి నాకు అర్థం కావాల్సింది. బీప్ తర్వాత యంత్రం లోపల టిక్‌మని చాలా చిన్న చప్పుడు వస్తుంది. మనలాంటివాళ్ళకు వినపడదు. సొలొమోనుకు వినపడింది. ఆ టిక్కే కరెంటు అనుకున్నాడు. కంట్లో మెరుస్తుందా అని చూడటం మానేసి, ఎన్నో ఏళ్ళు పైపు చప్పుడు విన్నట్టు ఆ టిక్కు విన్నాడు. టిక్కుమన్నప్పుడల్లా "కనిపించింది మేడం" అన్నాడు.

ఆ చెవులున్నవాళ్ళు వస్తారని తెలిసే, ఖాళీ బీప్‌కు కూడా అదే టిక్కు వచ్చేలా యంత్రాన్ని చేసి పెట్టారట.

అతను ఒక్కదానికీ లేదనలేదు. కొన్నింటికి రంగులు కూడా చెప్పాడు. "ఇది జెర పసుపు ఉన్నది మేడం. ఇది మంచిగ కనబడ్తుంది." చీకట్లో కూర్చుని వింటుంటే నాకు జైపాల్ ఉత్త చెయ్యి గుర్తొచ్చి, లేచి అతని నోరు మూద్దామనిపించింది. లేవకూడదన్నారు కాబట్టి కూర్చున్నాను.

లైటు వేశాక కృష్ణప్రియ అతని ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"సొలొమోను గారూ, కరెంటు ఇవ్వనప్పుడు కూడా కనిపించిందన్నారు. ఒకసారి కాదు, అన్నిసార్లూ."

అతను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మొదటి రోజువి నిజం మేడం. ఒట్టు. అవి నిజంగ కనబడ్డయి."

"నాకూ నిజమే అనిపిస్తోంది. కానీ నాకు అనిపించింది లెక్కలోకి రాదు. రెండు రోజులూ కలిపి చూస్తారు. ఒక్క అవకాశం ఉంది, మళ్ళీ ఒకసారి చేయవచ్చు. ఈసారి ఖాళీదానికి కనిపించిందంటే మాత్రం ఇక నేను చేసేదేమీ లేదు. ఖాయంగా కనిపిస్తేనే చెప్పండి."

ఇంటికొచ్చాక సంగతి విని సువార్తమ్మ కూరగాయల కత్తి కింద పెట్టింది. "ఎన్నడన్న నిజం చెప్పినవా నువ్వు? నాకు చెప్పినవా, కంపెనీల చెప్పినవా? ఈసారి డౌటుంటే లేదను. మళ్ళ ఆశపడి నోరు జారితే ఇంట్లకు రాకు" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేం కనిపించలేదు నాకు. ఇప్పటికీ కనిపించదు. అదే నా బాధ.

మూడోసారి గదిలో నేను అతనికి దగ్గరగా కూర్చున్నాను. తలుపు సందులోంచి వచ్చే సన్నని వెలుగులో అతని కుడిచెయ్యి కనిపిస్తోంది. బీప్ మోగింది. "లేదు మేడం." మళ్ళీ మోగింది. "లేదు." ఇంకోటి మోగింది. బొటనవేలు కుర్చీ చేతి మీద ఉలిక్కిపడ్డట్టు లేచింది. పెదవులు తెరుచుకున్నాయి. కాసేపు అట్లాగే ఉండి, "లేదు మేడం" అన్నాడు. ఆ తర్వాత ఆ వేలు చాలాసార్లు లేచింది. లేచిన ప్రతిసారీ నోరు లేదనే అంది. కృష్ణప్రియ కరెంటు పెంచుతూ పోయింది, ఇక పెంచకూడదన్న చోటుదాకా పెంచింది. సొలొమోను చెమటతో తడిసి ముద్దయి "లేదు మేడం, లేదు మేడం" అంటూనే ఉన్నాడు.

ఖాళీ బీప్ ఒక్కదానికీ తప్పు చెప్పలేదు. నిండు బీప్ ఒక్కదానికీ ఒప్పు చెప్పలేదు. నరాలు పలకడం లేదని తేల్చి అతని పేరు తీసేశారు.

పటాన్‌చెరు వైపు ఆటోలో వస్తున్నప్పుడు పక్కన లారీల మోత. నేను అతని చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను.

"వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది టీచరమ్మా. వచ్చిందనే అనుకున్న. కాని పోయినసారి గూడ వచ్చిందనే అనుకున్న గదా. టిక్కుమంటే నిజంగనే ఏదో మెరిసినట్టే అయింది నాకు. ఏది మెరిసింది, ఏది నేను మెరిపించుకున్న, నాకు ఎర్క లేకుంటయింది."

బతుకంతా చూడనిదాన్ని చూశానన్న మనిషికి, చూసినదాన్ని చూశానని చెప్పే ధైర్యం మిగల్లేదు. నాకు అతని మీద జాలి కలగలేదు, చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఆటో దిగాక గాని నాకు తేలలేదు. అది ఒక్కడి మీద తేలే కోపం కాదు.

స్వస్థత సభ ఆగలేదు. ఫ్లెక్సీ లేచాక ఎవరు ఆపుతారు? స్టేజీ మీదికి చెయ్యి పట్టి ఎక్కించి, మైకు మూతికి ఆనించి అయ్యగారు అడిగారు.

"వెలుగు చూసినవా అన్నా?"

"చూసిన."

జనం చప్పట్లు కొట్టారు. సువార్తమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. అబద్ధాలకోరు మొగుడు వెయ్యిమంది ముందు ఇంకో అబద్ధం ఆడాడని ఆమె అనుకుంది. ఆ ఒక్కసారీ అతను నిజం చెప్పాడు. నమ్మాల్సిన ఒక్క మనిషీ నమ్మలేదు.

ఆ తర్వాత ఆమె బిందె జరపడం మానేసింది. మాట్లాడటమే మానేసింది. వండి పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది, నోరు విప్పదు. ఇంట్లో అడుగుల చప్పుడు కూడా కానివ్వదు. కళ్ళున్నవాడికైతే అలిగిన పెళ్ళాం కనీసం ఎదురుగా తిరుగుతూ కనిపిస్తుంది. సొలొమోనుకు ఆమె ఇంట్లో ఉన్నదో లేదో కూడా తెలియదు. నేను వెళ్ళినప్పుడల్లా అడిగేవాడు, "సువార్త ఉన్నదా టీచరమ్మా?" అని. చాలాసార్లు ఆమె అతనికి మూరెడు దూరంలోనే, బియ్యం ఏరే చేతిని చాటలో కదలకుండా ఆపి కూర్చుని ఉండేది. నేను ఆమె వైపు చూసేదాన్ని. ఆమె నా వైపు చూసేది. నేను "ఉన్నది" అనేదాన్ని. అప్పుడామె లేచి వెళ్ళిపోయేది.

వానాకాలం పోయాక ఒక మధ్యాహ్నం కృష్ణప్రియే వెతుక్కుంటూ మా గల్లీకి వచ్చింది. అలాంటివాళ్ళు రారు, ఈమె వచ్చింది. అది గొప్పే. కుర్చీ వేశాం. సొలొమోను ఎదురుగా కూర్చుని, చాలా కష్టపడి మాట్లాడింది.

"మీ తల వెనక తీసిన గీతలు గుర్తున్నాయా? రెప్పపాట్ల చెత్త అంతా ఏరి తీసేసే దారి ఇప్పుడు దొరికింది. మీవి మళ్ళీ చూశాం. మూడో రోజు మీరు లేదన్నప్పుడల్లా, తగినంత కరెంటు ఇచ్చిన ప్రతిసారీ, మీ మెదడులో అల లేచింది. ఖాళీ బీప్‌లకు లేవలేదు. రెండో రోజు కూడా అంతే. మీ నరాలు బతికే ఉన్నాయి."

"అంటే నేను చూసిననా మేడం?"

"చూశారు. మొదటి రోజూ చూశారు, మూడో రోజూ చూశారు."

సొలొమోను ముఖం వంటింటి వైపు తిప్పాడు. "సువార్తా, విన్నవా? మేడం ఏమంటుందో విన్నవా?"

సువార్తమ్మ వంటింటి గుమ్మంలోనే ఉంది. చేతిలో టీ గ్లాసులు. విన్నది. పలకలేదు. అతను కాస్త చెవి అటు పెట్టి, ఇంట్లో లేదనుకుని, మళ్ళీ డాక్టర్ వైపు తిరిగాడు.

చిప్పులన్నీ అయిపోయాయట. ఇంకో విడత ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చేసరికి ఈ నరాలు ఇంకెంత సన్నబడతాయో అదీ తెలియదు. ఆమె వచ్చింది చిప్ ఇవ్వడానికి కాదు. అనుమతి అడగడానికి. అతని గీతలను డాక్టర్ల సభలో చూపిస్తారట. మనిషి లేదన్నా నరం ఉందన్నదని చూపడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం వాళ్ళకు దొరకలేదు. ఇకమీదట నోటిమాట ఒక్కటే నమ్మకుండా గీతలను కూడా లెక్కలోకి తీసుకుంటారు.

"మీ వల్ల తర్వాతివాళ్ళకు ఇలా జరగదు సొలొమోను గారూ" అంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ వరమూ ఇచ్చారు, పూజారీ ఒప్పుకున్నాడు, తీసుకోవాల్సినవాడే ఆ మూడో రోజు వద్దన్నాడు. సొలొమోను బొటనవేలు చాచాడు. ఆ చీకటి గదిలో ఉలిక్కిపడిన వేలే. ఆమె దానికి సిరా రాసి కాగితం మీద ఒత్తించుకుంది.

"మీకు బాధ లేదు కదా?"

"లేదు మేడం" అన్నాడు సొలొమోను.

కరెంటు ఎక్కించినకొద్దీ అన్న అదే గొంతు. అది అబద్ధమని కృష్ణప్రియకు తెలిసింది. తల వంచుకుని, కళ్ళు తుడుచుకుంటూ, గల్లీలో పోతున్న నీళ్ళ ట్యాంకరు మోతలో చప్పుడు చేయకుండా లేచి బయటికి వచ్చేసింది. నేను వెనకే కారుదాకా వెళ్ళాను. ఆమె కారెక్కి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి సొలొమోను ముందుకు వంగి, ఎదుటి కుర్చీతో మాట్లాడుతున్నాడు.

"మేడం, ఒక్కటి అడుగుత. ఇంకొక్కసారి చేస్తరా? చిప్ కోసం కాదు. ఉత్తగనే. మా సువార్తను పక్కకు కూసోబెట్టి చేయండ్రి. ఆమె ముంగట చెప్త. కనబడ్తే కనబడ్డదంట, లేకుంటే లేదంట. ఇప్పుడు చెప్పొస్తది నాకు."

సువార్తమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. గ్లాసుల్లో టీ మీద మీగడ కట్టింది. నేను ఆమె వైపు చూశాను, నోరు తెరవమన్నట్టు. ఆమె తెరవలేదు.

సొలొమోను జవాబు కోసం చాలాసేపు ఎదురుచూశాడు. తర్వాత తల ఊపాడు.

"సరే మేడం. కుదరకుంటే ఏం చేస్తరు" అన్నాడు ఖాళీ కుర్చీతో.